ఇల్లు కురియుచున్నప్పుడు

పాఠభాగములు: ప్రసంగి 10:18, లేవీయకాండము 14:33–48, ద్వితీయోపదేశకాండము 22:8, 2 రాజులు 12:4–15, మార్కు 2:1–12.



ఈ నెల పాఠము మన తలలపైనున్న దానిని గూర్చినది. పరలోకమును గూర్చి కాదు, దానికంటె చాల క్రిందనున్న మన యింటి కప్పును గూర్చి. వానకాలము వచ్చినప్పుడు మన సీమలో ప్రతి పల్లెయందును వినబడు మాట ఒకటి కలదు: "మా మిద్దె ఉరుస్తాది." గిన్నెలు, చెంబులు తెచ్చి చుక్క పడుచోట పెట్టుదుము. మంచము ఆ మూలనుండి ఈ మూలకు జరుపుదుము. వాన వెలిసిన తరువాత ఎండ కాయగానే ఆ సంగతి మరచిపోదుము. ఈ మరపును గూర్చియే ప్రసంగి హెచ్చరించుచున్నాడు. సోమరితనమువలన కప్పు క్రుంగిపోవుననియు, చేతులు పని మానుకొనుటవలన ఇల్లు కురియుననియు ఆయన భావము. ఇంటిపై వాన కురియుట ఒకటి, ఇంటిలోపల వాన కురియుట మరియొకటి. మొదటిది దేవుని చేతిలోనున్నది. రెండవది చాలమట్టుకు మన చేతిలోనున్నది.

1. బైబిలులోని మిద్దె, మన మిద్దె

పాలస్తీనా దేశపు ఇండ్లును మన రాయలసీమ ఇండ్లును అన్నదమ్ములవలె నుండును. అక్కడను వాన తక్కువ, రాయి ఎక్కువ. వారును గోడలమీద దూలములు వేసి, వాటిపై కొమ్మలును రెల్లును పరచి, దానిమీద మట్టి వేసి గట్టిగా దిమ్మిస చేసి చదునైన కప్పు వేసికొనిరి. కావుననే రాహాబు వేగులవారిని మిద్దెమీది జనుపకట్టెలో దాచగలిగెను (యెహోషువ 2:6). పేతురు ప్రార్థనకు మిద్దె యెక్కెను (అపొ. 10:9). కీర్తనకారుడు ఇండ్లమీద మొలిచి, ఎదుగకముందే వాడిపోవు గడ్డిని ఉపమానముగా తీసికొనెను (కీర్తన 129:6). పెంకుటింటి దేశములో నున్నవానికి ఆ మాట తెలియుటకు వ్యాఖ్యానము కావలెను. కుందూ నది ఒడ్డున పుట్టినవానికి అక్కరలేదు. మిద్దెమీద గడ్డి మొలిచెనంటే నీరు నిలిచినదని మనకు తెలియును.

మన కర్నూలు, కడప ప్రాంతములలో (2022లో ఏర్పడిన నంద్యాల, అన్నమయ్య జిల్లాలును ఈ సీమలోనివే) పాత మిద్దెలలో గోడనుండి గోడకు దూలములు, వాటిపై అడ్డముగా దంతెలు, వాటిపై సన్న కట్టెలు, ఆకు లేక గడ్డి, ఆపైన బంకమట్టి, అన్నిటికి మీద చౌడు ఉండును. ఈ చౌడును గూర్చి ఒక మాట. పొలములో చౌడు పడెనంటే రైతు తల పట్టుకొనును. అందులో పైరు రాదు, నీరు ఇంకదు. ఆ మట్టిలో సోడియపు ఉప్పు ఎక్కువగా నుండుటచేత, తడిసినప్పుడు దాని సన్న రేణువులు విడిపోయి సందులన్నిటిని పూడ్చివేయును. అందువలన నీరు లోనికి దిగక పైననే జారిపోవును. పొలమునకు శాపమైనది ఇంటికి గొడుగాయెను. మన పెద్దలు ఏ కళాశాలలోను చదువక దీనిని కనుగొని, ఏటేట తొలకరికి ముందు మిద్దెమీద చౌడు పరచుచుండిరి. దేవుడు పనికిరానిదని దేనిని చేయలేదు. దాని చోటు కనుగొనుట మన పని.

2. ఒక అవ్వ యిల్లు

నేను ఈ పాఠమును పండితుడనై వ్రాయుటలేదు. తప్పు చేసినవాడనై వ్రాయుచున్నాను.

మా సంఘములో డెబ్బది దాటిన ఒక అవ్వ కలదు. కుమారులు కూలిపనికి దూరదేశము పోయిరి. ఆమె ఒక్కతె ఒక మట్టి మిద్దెలో నుండెను. నేను నెలకొకసారి ఆమె యింట ప్రార్థనకు పోవుచుంటిని. ఒకనాడు దూలము గోడలో దూరు చోట పళ్ళెమంత మరక చూచితిని. "ఏమవ్వా, మిద్దె ఉరుస్తాందా?" అంటిని. "ఏం లేదు అయ్యగారూ, పోయిన వాన తడి. మీరు ప్రార్థన చేసి పోండి" అనెను. నేను ప్రార్థన చేసి పోతిని. మరుసటి నెల ఆ మరక చేటంత యాయెను. మరల ప్రార్థన చేసి పోతిని.

2019 క్రిస్మసునకు మా యౌవనులు ఆమె యిల్లు శుభ్రముచేసి సున్నము కొట్టిరి. వారిని పంపినవాడను నేనే. గోడయు దూలము తలయు తెల్లగా మెరసినవి. మరక కనబడలేదు. మేము మంచి పని చేసితిమని సంతోషించితిమి. తరువాతి మార్చినుండి కరోనా కాలము వచ్చి గృహప్రార్థనలు ఆగిపోయెను. 2020 నవంబరు చివర నివర్ తుపాను వచ్చెను. మా పల్లెలో గాలివాన కాదు, రాత్రింబగళ్ళు విడువని ముసురు. రెండవ రాత్రి పక్కమీద చుక్కలు పడుచుండగా అవ్వ దుప్పటి తీసికొని పొరుగువారి అరుగుమీదికి పోయి పండుకొనెను. తెల్లవారుజామున దూలము తల విరిగి కప్పు సగము కూలెను. ఆమె మంచము మట్టిలో పూడిపోయెను.

నేను పరుగెత్తి పోతిని. ఆమె ఏడ్వలేదు. "మీరు తెల్లగా సున్నం కొట్టించినారు గదా అయ్యగారూ, అంతా బాగుపడిందనుకొంటి" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది. గట్టిలేని గోడకు సున్నము పూసి బాగున్నదనువారినిగూర్చియు, వాన వచ్చి ఆ గోడ పడుటను గూర్చియు యెహెజ్కేలు 13వ అధ్యాయములో నున్నది. నేను దానిమీద అనేక పర్యాయములు ప్రసంగించితిని. నా చేతులతోనే దానిని నెరవేర్చితిని.

ఆమె ప్రాణము దక్కెను. అందరికిని అట్లు జరుగదు. 2024లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలములోని ఒక పల్లెలో రాత్రి నిద్రించుచుండగా మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబములో నలుగురు చనిపోయిరి. మన సీమలో వానకాలపు వార్తలలో ఇట్టివి కొత్త కావు. కావున ఇది చిల్లర సంగతి కాదు.

3. మిద్దె ఏల ఉరియును?

ముఖ్యమైన కారణములు ఐదు.

మొదటిది, చౌడు పలుచబడుట. గాలికిని వానకును పైపొర ఏటేట కొంత పోవును. పాతది పలుచనై, క్రింది మట్టి బయటపడి, ఎండకు బీటలు వారును.

రెండవది, నీరు నిలుచుట. మిద్దె చదునుగా కనబడినను దానికి వాలు ఉండవలెను. దంతె క్రుంగినచోట గుంట పడును, గుంటలో నీరు నిలుచును, నిలిచిన నీరు బరువై ఇంకను క్రుంగజేయును.

మూడవది, తూము పూడుట. ఆకులు, పిట్టగూళ్ళు, పిల్లల బంతి, వీటిలో ఏదైనను చాలును. పిట్టగోడ కట్టి తూము పూడనిచ్చిన మిద్దె చెరువే.

నాల్గవది, కలుపు సందులు. పిట్టగోడయు మిద్దెయు కలియు మూల, గవాక్షము చుట్టు, కొత్తగా కరెంటు తీగకో టీవీ కంబమునకో పొడిచిన రంధ్రము. నడుమ గట్టిగానున్న మిద్దె ఈ చోట్లనే మొదట ఉరియును.

ఐదవది, చెదలును కుళ్ళును. దూలము తల గోడలో దాగియుండును. అక్కడ తడి చేరితే ఆరుటకు గాలి తగులదు. నడుమ దూలము ఇనుమువలె నుండగా తల మాత్రము పిండియై పోవును. అవ్వ యింట జరిగినది ఇదే.

మరియొక సంగతి గమనింపుడి. ఒక గంట కుండపోతగా కురిసిన వానకంటె మూడు దినముల ముసురు మట్టి మిద్దెకు ఎక్కువ హాని చేయును. కుండపోత వాన చాలవరకు తూములగుండ జారిపోవును. ముసురు ఆరనీయక నిదానముగా లోపలికి దిగును. గొప్ప శోధనలో నిలిచినవాడు చిన్న చిన్న అలక్ష్యములచేత పడిపోవుట మనము చూచుటలేదా?

4. యాజకుడు ఇంటిని చూచిన క్రమము

లేవీయకాండము 14లో ఇంటి గోడలయందు పచ్చదాళువైనను ఎఱ్ఱదాళువైనను చారలు పుట్టినప్పుడు ఏమి చేయవలెనో వ్రాయబడియున్నది. అది తడివలన పుట్టు బూజువంటిదని అనేక వ్యాఖ్యాతల తలంపు. అది ఇశ్రాయేలీయులకు శుద్ధిని గూర్చిన ధర్మశాస్త్రము, మనకు కట్టుబడి పుస్తకము కాదు. అయినను అందలి క్రమము ఎంత వివేకమైనదో చూడుడి. ఉరియు మిద్దెకును ఆ క్రమమే చక్కగా సరిపోవుచున్నది.

మొదట చెప్పవలెను (35వ వచనము). ఇంటివాడు తానే వచ్చి, తన యింట ఏదో కనబడుచున్నదని యాజకునితో చెప్పవలెను. సిగ్గుపడి దాచరాదు. "ఏం లేదు అయ్యగారూ" అనుట మర్యాదయే గాని క్షేమము కాదు.

పిమ్మట ఇల్లు ఖాళీ చేయవలెను (36). యాజకుడు చూచుటకు రాకముందే సామానంతయు బయటికి తేవలెననుట దేవుని దయ. మనకును మొదటి పని అదే. కప్పు ఉబ్బినను, దూలము క్రుంగినను, రాత్రి మట్టి రాలుచున్నను, టకటకమని చప్పుడు వినబడినను, అంతవరకు బాగుగా పడిన తలుపు బిగుసుకొనినను, ఆ గదిలో ఎవరును పండుకొనరాదు. మొదట పిల్లలును ముసలివారును, తరువాత ధాన్యమును పెట్టెలును బయటికి రావలెను. నీరు కారుచోట కరెంటు తీగగాని దీపముగాని పంకాగాని యుండిన, తడి చేతులతో స్విచ్చి ముట్టక, పొడినేలపై నిలిచి మెయిను ఆపవలెను. మెయినుకే తడి తగిలియున్నయెడల లైనుమానును పిలువవలెను.

తరువాత చూడవలెను (37). యాజకుడు చారలు గోడ పైభాగముకంటె లోతుగా నున్నవా అని చూచును. మనమును మరకను మాత్రము చూచి ఆగరాదు. నీరు ఒకచోట దిగి, దంతె వెంబడి జారి, మరియొకచోట చుక్కగా పడును. కావున లోపల మరకయున్న చోటికి సరిగా పైన మట్టి వేసినంతమాత్రమున చాలదు. వాలునకు ఎగువగా వెదకవలెను. కప్పు గట్టిగానున్నదని తెలిసిన తరువాత, ఎండరోజున ఒకడు పైన కొంచెము కొంచెముగా ఒక్కొక్క చోట నీళ్ళు పోయగా, ఒకడు లోపల చూచుచుండిన దారి దొరకును. కప్పు క్రుంగినయెడల ఈ పరీక్ష చేయరాదు, దానిమీదికి ఎక్కనే రాదు. దూలము తలను చిన్న సుత్తితో తట్టి చూడుడి. గట్టి కఱ్ఱ ఖంగుమనును, లోపల తినిపోయినది బొదబొదమనును. ఉలి మొన గుచ్చిన సులువుగా దిగినయెడల ఆ దూలమును నమ్మరాదు.

పిమ్మట ఏడు దినములు కాచుకొనవలెను (38). ఈ మాట నాకు మిక్కిలి ఇష్టము. యాజకుడు చూచినవెంటనే తీర్పు చెప్పడు. ఇల్లు మూయించి, ఏడవ దినమున తిరిగి వచ్చును. మనము తడి ఆరకముందే పైపూత పూయుదుము. లోపలి తడి బయటికి రాలేక కఱ్ఱను కుళ్ళించును, పూతను ఊడదీయును. తలుపులు, కిటికీలు, గవాక్షము తెరచి గాలి ఆడనిచ్చి, ముందు ఆరనీయవలెను. మరక అంచున బొగ్గుతో గీత గీసి ఉంచుడి. మరుసటి వానకు మరక గీత దాటెనా లేదా అని చూచిన, మీ మరమ్మతు కుదిరెనో లేదో గీతయే చెప్పును.

తరువాత తీసివేయవలెను, గీకవలెను (40, 41). చెడిన రాళ్ళను ఊడదీసి ఊరి వెలుపల పారవేయుమనెను. చెడిన దూలమును ఉంచి దానిచుట్టు మట్టి మెత్తుట మరమ్మతు కాదు. అయితే దూలము తీయుటకు ముందు దాని ప్రక్కలను ఊతకఱ్ఱలు నిలుపవలెను. ఊతకఱ్ఱ క్రింద వెడల్పు పలక వేయవలెను. లేనియెడల తడి నేలలో కఱ్ఱ దిగబడును. ఈ పని తెలిసిన మేస్త్రీ, వడ్రంగి దగ్గరనుండగానే చేయవలెను.

కడకు వేరు రాళ్ళు, వేరు అడుసు పెట్టవలెను (42). తీసిన చెడ్డదానినే మరల పెట్టరాదు. ఇదంతయు చేసిన తరువాతను మరల పుట్టినయెడల ఆ యిల్లు పడగొట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (43–45). ఇది కఠినమైన మాటయే. అయినను మనుష్యుడు ఇంటికంటె శ్రేష్ఠుడు. తాతగారు కట్టిన ఇల్లని చెప్పి మనుమని ప్రాణమును దాని క్రింద పెట్టరాదు.

5. బరువును గూర్చి ఒక లెక్క

మన పెద్దల అలవాటులో ఒక అపాయము దాగియున్నది. పాత చౌడును గీకకుండ ఏటేట కొత్త చౌడు పైన వేయుట. లెక్క చూతము.

పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పుగల గది మిద్దె 120 చదరపుటడుగులు. మట్టి నాలుగంగుళముల మందముండిన 40 ఘనపుటడుగులు. దిమ్మిస చేసిన ఎండుమట్టి ఘనపుటడుగు సుమారు 45 కిలోలు తూగును. అనగా మన తలలపైన 1,800 కిలోలు, పదునెనిమిది క్వింటాళ్ళు ఉన్నది. అది తడిసి తన బరువులో ఐదవవంతు నీరు త్రాగినయెడల మరి 360 కిలోలు చేరును. ఇక ఒక్క అంగుళము కొత్త చౌడు వేసితిమా, 450 కిలోలు. అనగా 75 కిలోల వడ్ల బస్తాలు ఆరు. పది సంవత్సరములు అట్లే చేసినయెడల అరువది బస్తాలు. అందులో సగము వానకు కొట్టుకొనిపోయినదనుకొనినను ముప్పది బస్తాలు మిద్దెమీద నిలిచియుండును. దూలము మాత్రము తాత కాలపుదే, ఏటేట వయస్సు మీరుచున్నది.

కావున కొత్త చౌడు వేయుటకు ముందు పాత పొరను గీకి, మొదటి మందమునకు దించి, ఆ తరువాతనే వేయుడి. గీకునప్పుడు అందరును మిద్దె నడుమ గుంపుగా నిలువరాదు. గీకిన మట్టిని నడుమ కుప్పవేయక వెంటనే క్రిందికి దించవలెను. మీద మీద మెత్తుటకంటె దించి వేయుట మేలు. మన జీవితములలోను పాత పాపమును తీయక క్రొత్త తీర్మానములను పైన మెత్తువారము మనమే గదా.

6. ఇతర మిద్దెలు

బండల మిద్దెలు: బేతంచెర్ల నాపరాళ్ళు, కడప బండలు దూలములపైనగాని ఇనుపకమ్ములపైనగాని పరచిన మిద్దెలలో బండ ఉరియదు, సందు ఉరియును. సందులోని పాత గారను పూర్తిగా గీకి, దుమ్ము కడిగి, తడిపి, కొత్త గార నింపవలెను. పాతదానిపై పూసిన పూత ఒక వేసవికే లేచిపోవును. బండలో అడ్డముగా బీట కనబడినయెడల పూతతో సరిపెట్టక దానిని మార్చవలెను.

సున్నపు మిద్దెలు: మిషను కాలపు పాత బంగళాలలోను, కొన్ని పాత గుడులలోను దూలములపై సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నముతో బంధించి, పైన ఇటుక ముక్కల సున్నపు గారను కొట్టి వేసిన కప్పు కలదు. దీనిని మద్రాసు మిద్దె అందురు. ఆ గారను కరక్కాయయు బెల్లమును నానవేసిన నీళ్ళు చల్లుచు దినములతరబడి కఱ్ఱలతో కొట్టుచుండిరి. ఇట్టి కప్పు ఉరిసినప్పుడు దానిపై సిమెంటు దళసరిగా వేయుట పొరపాటు. సున్నము కొంచెము సాగును, తడిని బయటికి విడుచును. సిమెంటు సాగదు, విడువదు. ఎండకు బీటవారి, నీటిని లోపల బంధించును. సున్నమునకు సున్నమే మందు.

సిమెంటు మిద్దెలు: ఇప్పుడు మనలో అనేకులు వీటిలోనే నివసించుచున్నారు. "సిమెంటు గదా, ఏమగును?" అనుకొనుట తప్పు. బీటగుండ నీరు దిగి లోపలి ఇనుపకమ్మి త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక లోపలనుండి నెట్టి సిమెంటును పెచ్చులుగా ఊడదీయును. పెచ్చు ఊడి కమ్మి కనబడినయెడల పైన పూత మెత్తి దాచక, త్రుప్పు గీకించి, తెలిసినవానిచేత బాగుచేయింపవలెను. మిద్దెమీద నీరు నిలువకుండ పదియడుగులకు రెండంగుళముల వాలు తూమువైపునకు పెట్టించుడి. నీళ్ళ ట్యాంకు కారుచుండిన వానలేకయే మిద్దె ఉరియును.

అన్నిటికిని చెల్లునది ఒకటి: సంవత్సరమునకు రెండుసార్లు మిద్దె ఎక్కి చూడుడి. మన సీమకు వాన రెండు విడతలుగా వచ్చును. నైరుతి జూనులో ఆరంభించును. ఈశాన్యము అక్టోబరునుండి వచ్చును, తుపానులు దానితోనే వచ్చును. కావున మే నెలలో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి చూడవలెను. పిల్లలు మిద్దెపై ఆడుకొను ఇంట పిట్టగోడ ఉన్నదా అనియు చూడవలెను. కొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని, ఎవడైన పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చునని ద్వితీయోపదేశకాండము 22:8లో నున్నది. దేవుని దృష్టిలో కప్పు మన సొంత వ్యవహారము మాత్రమే కాదు. దానిక్రింద నున్నవారి రక్తమును గూర్చి ఆయన విచారించును.

మిద్దె ఎంత మేలు చేయునో కూడ మరువరాదు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచినప్పుడు అనేకులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలమీద నీరు పడినప్పుడు ఇండ్లే కొట్టుకొనిపోయెను. గట్టి మిద్దె ఆపత్కాలమున ఆశ్రయము. బలహీనమైన మిద్దె ఆపత్కాలమున రెండవ ఆపద.

7. సంఘము చేయవలసినది

యోవాషు రాజు కాలమున మందిరము శిథిలమైయుండగా, ద్రవ్యము వచ్చుచునే యుండినను, ఇరువది మూడవ సంవత్సరమువరకు యాజకులు బాగుచేయలేదు (2 రాజులు 12:6). వారు దొంగలని వ్రాయబడలేదు. చేయలేదని మాత్రము వ్రాయబడెను. అప్పుడు ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రము చేసి, బలిపీఠము దగ్గర ఉంచి, వచ్చిన రూకలను పనివారికే ఇచ్చిరి. వడ్రంగులకును, కాసెపనివారికిని చెల్లించిరి. ఆ పనిచేయించినవారు నమ్మకస్థులు.

మా సంఘములో అవ్వ యిల్లు కూలిన తరువాత మేమును ఒక పెట్టె పెట్టితిమి. దానిపై "మిద్దె పెట్టె" అని వ్రాసితిమి. దానినుండి గుడి రంగులకు ఖర్చు చేయరాదని నిర్ణయము. ప్రతి సంవత్సరము మే నెల రెండవ శనివారము యౌవనులు ఇద్దరు పెద్దలతోను ఒక మేస్త్రీతోను విధవరాండ్ర ఇండ్లకును ఒంటరివారి ఇండ్లకును పోయి కప్పు చూచెదరు. మన సంఘస్థుల ఇండ్లే అని లేదు. వాన ఏ సంఘము అని అడుగదు గదా. అపాయకరమైన యిల్లు కనబడినప్పుడు పంచాయతీకిని తహసీల్దారు ఆఫీసునకును వ్రాతమూలముగా తెలియజేయుదుము. వాన పడు దినములలో గుడి తలుపు రాత్రియు తీసియుండును. చాపలు, దుప్పట్లు అక్కడనే యున్నవి.

మార్కు 2వ అధ్యాయములో నలుగురు ఒక పక్షవాయువుగలవానిని మోసికొనివచ్చి, జనులచేత దారిలేక, కప్పు విప్పి సందుచేసి దించిరి. మన ప్రసంగములలో వారి విశ్వాసమును పొగడుదుము, అది న్యాయమే. కాని మట్టి మిద్దెలో పెరిగిన నాకు ఒక ప్రశ్న ఎల్లప్పుడు వచ్చును: ఆ సాయంకాలము ఆ కప్పును ఎవరు పూడ్చిరి? సువార్త చెప్పలేదు. క్రింద కూర్చున్నవారి తలలమీద మట్టి రాలినది. రోగి తన పరుపెత్తుకొని నడచిపోయెను. ఇంటివానికి సందు మిగిలెను. ఆ నలుగురే మరల ఎక్కి పూడ్చియుందురని నేను తలంచుచున్నాను. ఒక స్నేహితునికొరకు కప్పు విప్పు ప్రేమ, పొరుగువాని కప్పును విప్పి విడిచిపోదు.

అవ్వ యింటికి మా యౌవనులు నలుగురు ఎక్కిరి. సున్నము కొట్టినవారే ఆ నలుగురును. ఈసారి సున్నము తేలేదు. పాత మట్టి దించి, వేప దూలము రెండు కొత్తవి ఎత్తి, చౌడు పరచిరి. నేను క్రింద మట్టి తట్టలు అందించితిని. పని ముగిసిన తరువాత అవ్వ లోపల నిలిచి చాలసేపు పైకి చూచి, "ఇప్పుడు ప్రార్థన చేయండి అయ్యగారూ" అనెను. చేసితిని. నా పరిచర్యలో అంత పొట్టి ప్రార్థన మరియొకటి చేసినట్లు జ్ఞాపకము లేదు.

ప్రియులారా, ఈ వారము సాయంకాలము ప్రార్థనకు కన్నులు మూయకముందు ఒకసారి కన్నులెత్తి మీ కప్పును చూడుడి. తరువాత పొరుగింటి కప్పును చూడుడి.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రసంగి 10:18లో కప్పు ఒక్క దినమున పడుచున్నదా, కొంచెము కొంచెముగానా? మన యిండ్లలో దేనిని "రేపు చూతము" అనుచున్నాము?

2. లేవీయకాండము 14లో యాజకుడు రెండవసారి తిరిగి వచ్చుట ఎందుకు అవసరము? సహాయము చేసినచోటికి మనము తిరిగి పోయి చూచుచున్నామా?

3. మన సంఘములో మరకమీద సున్నము కొట్టిన పని ఏదైన కలదా?

4. మన పల్లెలో ఒంటరిగా నివసించువారి ఇండ్లు ఎన్ని? ఈ సంవత్సరము వాటి మిద్దెలు ఎవరు ఎక్కి చూచిరి?

ప్రార్థన

ఓ ప్రభువా, తల వాల్చుకొనుటకు చోటు లేకయుండినవాడా, మా తలలపై కప్పు ఇచ్చినందుకు నీకు స్తోత్రము. చూచియు చూడనట్లు పోయిన మమ్మును క్షమించుము. వాన రాకముందు మా చేతులకు పని నేర్పుము. వాన వచ్చినప్పుడు మా తలుపులు తెరచియుండునట్లు చేయుము. ఆమేన్.